కాశమ్మ పెట్టిన ఐసు

గుణశేఖర్ మాస్టారు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి క్లాసులో మొదట చెప్పే మాట ఒకటుంది. ముప్పై రెండేళ్ళలో ఆ మాట మారలేదు. "రక్తం తీశాక దాన్ని ఐసులో పెట్టినవాడు నా ల్యాబులో కాలు పెట్టక్కర్లేదు."

ఆ తర్వాత సుద్దముక్క పట్టుకుని ఎందుకో చెప్పేవారు. ఒంట్లో ముల్లు గుచ్చుకుంటే ఎవరూ పిలవకుండానే ముందు పరిగెత్తుకొచ్చే తెల్లకణాలున్నాయి, వాటి పేరు న్యూట్రోఫిల్స్. ఎవరూ నేర్పకుండా పుట్టుకతోనే కాపలా పని తెలిసిన కణాలవి. రోజు తిరక్కుండా చచ్చిపోతాయి. ఒంట్లోంచి తీశాక గది వేడిలో ఉంచి, రెండు మూడు గంటల్లో చూడాల్సింది చూసెయ్యాలి. ఐసులో పెట్టారా, బిగుసుకుపోతాయి. మళ్ళీ వెచ్చబడగానే శత్రువు ఎదురుగా లేకపోయినా రెచ్చిపోతాయి. అప్పుడు మనం వాటిని చూసి, అయ్యో ఈ మనిషికి ఏదో ఉందనుకుంటాం. ఆ మనిషికేం ఉండదు, ఉన్నదల్లా మన బుద్ధితక్కువతనమే. ఇక్కడ పిల్లలు నవ్వేవారు. మాస్టారు మజ్జిగలో కూడా ఐసు వేసుకోరని క్యాంటీన్లో వేళాకోళం చేసేవారు. ఆ పాఠం విన్నవాళ్ళు ఇవాళ సగం దేశంలో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఐసు సంగతి మర్చిపోలేదు.

అలాంటి మాస్టారి పేరు, ప్రఖ్యాతి, ప్రొఫెసరు కుర్చీ అన్నీ ఐసులో పెట్టిన రక్తం మీదే నిలబడి ఉన్నాయని ఈ లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ మాస్టారే. తెలిసి పదకొండేళ్ళయింది.

జరిగింది ఇదీ. పద్నాలుగేళ్ళ కిందట ఆయనకొక ఆలోచన వచ్చింది. ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి పోర్టులో క్రేను పనికి వచ్చిన మనిషి. మాస్టారు పుట్టి పెరిగిందంతా పోర్టు క్వార్టర్సులోనే కాబట్టి ఫిషింగ్ హార్బర్ ఆయనకు కొత్తది కాదు. అక్కడి షెడ్డుల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే వచ్చి, ఐసునీళ్ళలో మోచేతుల దాకా ముంచి రొయ్యలు ఏరుతారు. ఏళ్ళ తరబడి అలా చలిలో నానే మనుషుల కాపలా కణాలు ఎలా ఉంటాయి? ఎవరూ అడగని ప్రశ్న. మంచి ప్రశ్నే, అందులో వంక పెట్టడానికేం లేదు.

అరవైమంది షెడ్డు ఆడవాళ్ళు, పోల్చి చూడ్డానికి విశ్వవిద్యాలయంలో పనిచేసే అరవైమంది ఆడవాళ్ళు. షెడ్డు వాళ్ళను ఒప్పించింది కాశమ్మ. ఆ షెడ్డుకి ఆవిడే మేస్త్రీ. నలభై దాటిన మనిషి, గొంతు విప్పితే జెట్టీ అవతలి పడవలో వాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. "సూది కుట్టినట్టుంటాది, అంతే. నాకు ముందు తియ్యండి బాబూ, మా ఆడోళ్ళు సూత్తారు" అని మొదటి చెయ్యి ఆవిడే చాపింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, షెడ్డు ఆడవాళ్ళందరూ ఒకేసారి పని ఆపి రాలేరు. ఇద్దరిద్దరు చొప్పున తొమ్మిదింటి దాకా వస్తూనే ఉంటారు. మాస్టారికి ఎనిమిదింటికి క్లాసు. సర్వీసులో ఒక్క క్లాసు ఎగ్గొట్టలేదన్నది ఆయన గొప్ప. అందుకని బయటి ఆస్పత్రి నుంచి పిలిపించిన, రక్తం తియ్యడం తప్ప ఈ ఐసు సంగతులేవీ తెలియని టెక్నీషియన్ని అక్కడ వదిలి, పెట్టె కాశమ్మకు అప్పజెప్పి, స్కూటరెక్కి పాఠం చెప్పడానికి వెళ్ళిపోయేవారు. పదింటికి వచ్చి పెట్టె తీసుకునేవారు. అదే, రక్తాన్ని ఐసులో పెట్టకూడదన్న పాఠం చెప్పడానికే వెళ్ళేవారు.

హార్బర్లో ఒక పద్ధతుంది. ఒకరి సరుకు మీ దగ్గర పెట్టి వెళ్ళారంటే, వాళ్ళు తిరిగొచ్చేదాకా దానికి ఐసు వెయ్యాల్సింది మీరే. వాళ్ళు అడగరు, మీరు చెప్పరు. పక్కవాడి సరుకు ఎండిపోనిచ్చిన మనిషికి ఆ జెట్టీ మీద పరువుండదు. కాశమ్మ ఆ పద్ధతిలో పుట్టి పెరిగింది. డాక్టరుబాబు నమ్మి అప్పజెప్పిన రక్తం! చేపల కన్నా, రొయ్యల కన్నా అది ఎక్కువ కాదూ? పెట్టెను పీకలదాకా ఐసులో పూడ్చి, బాబు వచ్చే వేళకి పైకి తీసి, గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, వరసగా నిలబెట్టి చేతికిచ్చేది. తడి గొట్టాలు పెద్దమనిషి చేతికిస్తే ఏం బాగుంటుంది?

గొట్టాలు చల్లగానే ఉండేవి. ఆ షెడ్డులో చల్లగా లేనిదేముంది? మాస్టారు అడగలేదు.

ఫలితాలు చూసి మాస్టారికి మూడు రోజులు నిద్రపట్టలేదు. హార్బర్ ఆడవాళ్ళ న్యూట్రోఫిల్స్ శత్రువు లేకుండానే రెచ్చిపోయి ఉన్నాయి. ల్యాబు పక్కగదిలోనే రక్తం తీసిన విశ్వవిద్యాలయం ఆడవాళ్ళవి హాయిగా ఉన్నాయి. ఇంత తేడా ఎవరూ చూసి ఉండరు. పెద్ద పత్రికలో పేపరు అచ్చయింది, ప్రొఫెసరు పదవి వచ్చింది, ఊరూరా ఉపన్యాసాలకు పిలిచారు. స్థానిక దినపత్రిక వాళ్ళు 'హార్బర్ మహిళల రక్తకణాలు మామూలువి కావు' అని పెద్ద అక్షరాలతో వేసి, కింద మాస్టారి ఫొటో వేశారు. పక్కన పెట్టె పట్టుకుని నవ్వుతూ కాశమ్మ.

ఆ తర్వాతి ఏడు మరో విడత రక్తం తీస్తుండగా ఒకరోజు బందుకి పిలుపిచ్చారు, క్లాసు జరగలేదు. మాస్టారు ఎనిమిదిన్నరకే షెడ్డుకి తిరిగొచ్చారు. తన నీలం పెట్టె రొయ్యల ఐసులో మూత మాత్రమే కనిపించేలా కూరుకుపోయి ఉంది.

"ఇదేమిటి కాశమ్మా?"

"ఏటి బాబూ, ఏగిరం వొచ్చీసినారు! ఎండ సూడండి. రకతం కదా, బయటొగ్గెత్తే సెడిపోదా?"

"ఎప్పట్నించి ఇలా పెడుతున్నావు?"

"మొదలెట్టిన కాడ్నించీ. ఒక్కనాడు మర్సిపోతే ఒట్టు."

కాశమ్మ ఆయన మొహం చూడలేదు, ఐసు తవ్వుతోంది. తవ్వుతూనే ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాట అడిగింది. "బాబూ, మా రకతం మామూలుది కాదని పేపర్లో ఏసినారంట కదా. అంటే, మంచిది కాదా?"

"అదేం లేదులే కాశమ్మా" అన్నారు మాస్టారు. "తర్వాత చెప్తాను."

ఆ తర్వాత అనేది రాలేదు. ఆయన మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. మనుషుల రక్తం మానేసి ఎలుకల మీద పనిచేస్తానని విభాగంలో ప్రకటించారు. ఇంట్లోకి చేపలు కావలసివచ్చినా హార్బర్ వైపు స్కూటరు తిరగలేదు. ఒక్క ప్రయోగం ఐసు లేకుండా మళ్ళీ చేస్తే నిజం తేలిపోయేది. చెయ్యలేదు. తేలిపోతుంది కనుకే చెయ్యలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పదకొండేళ్ళు తాగారు. ప్రతి జూలైలోనూ మొదటి క్లాసులో ఐసు పాఠం మాత్రం మానలేదు. చెబుతున్నప్పుడు చెవులు వేడెక్కేవి. పిల్లలు అది ఉత్సాహమనుకునేవారు.

ఇలాంటివి మనం దాచినా దాగవు. మధులత వచ్చింది.

ఎలమంచిలి దగ్గర చెరుకు పండించే ఇంటి పిల్ల. పీహెచ్‌డీకి మాస్టారి దగ్గర చేరిన ఆఖరి విద్యార్థి. గాజుగొట్టంలో ద్రవం మీద ద్రవం పోస్తే రెంటికీ నడుమ గీత గీసినట్టుండేది, అలాంటి చెయ్యి. ముప్పై రెండేళ్ళలో మాస్టారు అంత మంచి చెయ్యి చూడలేదు. మాస్టారి ప్రసిద్ధ పేపరు చదివే ఇక్కడ చేరింది కాబట్టి, ఆయన చెప్పకుండానే ఒక అధ్యాయంలో ఆ పనే ముందుకు తీసుకెళ్దామని హార్బర్లో వేరే షెడ్డుకి వెళ్ళి నలభైమంది రక్తం తెచ్చింది. గొట్టాలు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తెచ్చింది, గంటలో పని మొదలుపెట్టింది. తేడా లేదు. హార్బర్ ఆడవాళ్ళ కణాలు, మిగతా ఆడవాళ్ళ కణాలు ఒకేలా ఉన్నాయి.

"సార్, నాకు మీ తేడా రావట్లేదు" అంది ల్యాబు మీటింగులో, తప్పు చేసినదానిలా.

మాస్టారు నిజం చెప్పడానికి ఇంతకన్నా మంచి వేళ ఏముంటుంది? నోరు తెరిచారు. వచ్చిన మాట వేరు. "నీ చెయ్యి ఇంకా కుదరలేదమ్మా. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ చేసింది. రాలేదు. మూడోసారీ చేసింది. మూడోసారి జూనియర్లందరి ముందు "పద్ధతి సరిగ్గా పాటిస్తే ఎందుకు రాదు?" అన్నారాయన. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరగడం చూశారు. చూసి పేపర్లు సర్దుకున్నారు. దొంగ తనే అయి, దారిన పోయేవాణ్ణి దొంగా దొంగా అని తరిమినట్టుంది తన పని అని ఆయనకు తెలుసు. తెలిసీ ఇంటికెళ్ళి అన్నం తిన్నారు.

పోయిన నెల మధులత ఆయన గదికి వచ్చి నిలబడింది. "ఆ అధ్యాయం తీసేసి థీసిస్ ఇచ్చేస్తాను సార్. నా చేతకానితనం అని రాసేస్తాను. తగరపువలసలో డయాగ్నొస్టిక్ సెంటర్లో ఉద్యోగం ఉందట, అందులో చేరిపోతాను. పరిశోధన నాకు పడదు." గట్టిగా మాట్లాడదామనుకుని వచ్చిన పిల్ల నోట చివరికి ఇంటి యాస బయటపడింది. "నాను ఏటి తప్పు సేత్తన్నానో నాకు తెలట్లేదు సార్."

"ఆలోచించుకో" అన్నారు మాస్టారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు ప్రొఫెసరుగిరీ అక్కర్లేదు.

ఇంతలో పదవీ విరమణ రోజు వచ్చింది. విభాగం అధిపతి నీలిమ ఒకప్పుడు మాస్టారి విద్యార్థే. సభ ఘనంగా చెయ్యాలని పట్టుబట్టింది. హాలు నిండా పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు, గోడకి పాత దినపత్రిక ముక్క పెద్దదిగా అచ్చు వేసిన బోర్డు. మాస్టారు ఆ బోర్డుకి వీపు పెట్టుకునే కుర్చీ ఎంచుకున్నారు. కానీ నీలిమ ఆయనకు చెప్పకుండా ఇంకో పని చేసింది. ఆ ఫొటోలో ఉన్న మనిషిని వెతికించి పిలిపించింది.

కాశమ్మ వచ్చింది. మోకాళ్ళు అరిగి షెడ్డు పని మానేసి, హార్బర్ గేటు దగ్గర ఎండుచేపలు అమ్ముకుంటోందట. కొత్త చీర కట్టుకుంది. నీలిమ ఆవిడకు శాలువా కప్పి మైకు చేతికిచ్చి "నాలుగు మాటలు చెప్పమ్మా" అంది.

"నానేటి సెప్పగల్నమ్మా, సదూకున్నదాన్ని కాను" అని మొదలుపెట్టింది కాశమ్మ. మైకు అక్కర్లేని గొంతు. "బాబుగారు మంచోరు. తెల్లారకుండా వొచ్చీవోరు. మీ సేతులు ఇంత సల్లగున్నాయేటమ్మా అని మా ఆడోళ్ళని అడిగినోరు ఈ బాబొక్కరే. పెట్టి నాకు ఒప్పసెప్పీసి పాటం సెప్పడానికి ఎల్లిపోయీవోరు, అంత నమ్మకం. నానూ ఆ నమ్మకం నిలబెట్టినానమ్మా. ఒక్క గొట్టం సెడిపోనివ్వలేదు. మా రొయ్యలికి ఎంత ఐసు ఏసినానో, ఆ పెట్టికి అంతకి రెట్టింపు ఏసినాను. బాబుగారు వొచ్చీ టయానికి పైకి తీసి తుడిసి ఎట్టీసీదాన్ని."

హాలు చల్లబడిపోయింది. ముప్పై రెండేళ్ళ పాఠం నూటయాభై మందికి ఒక్కసారే గుర్తొచ్చింది. మూడో వరసలో మధులత తల ఎత్తి బోర్డు మీది ఫొటోని, అందులోని నీలం పెట్టెని చూసింది. తర్వాత మాస్టారిని చూసింది. ఈ హాల్లో జరిగిందేమిటో తెలియని మనిషి ఒక్క కాశమ్మే. చప్పట్లు కొడతారేమోనని నవ్వుతూ చూస్తోంది.

నీలిమ తెలివైనది, గభాల్న మైకు అందుకుంది. "పెద్దావిడ కదా, చాలా ఏళ్ళయింది. వేరే పెట్టె ఏదో అయివుంటుంది. అంతే కదా సార్?"

తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆ తలల్లో చాలావాటికి, అవునని ఆయన అంటే బాగుండునని ఉంది. గురువుగారి పరువు, దాంతో పాటు తమ పరువూ కదా.

"అవును" అన్నారు గుణశేఖర్ మాస్టారు. "అప్పట్లో మందుల పెట్టె ఒకటి ఉండేది. దాన్ని ఐసులో పెట్టించేవాళ్ళం. ఆవిడ దాని సంగతి చెబుతోంది."

హాలు ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు కొట్టారు. కాశమ్మ కొట్టలేదు, నవ్వూ ఆగిపోయింది. ఒకసారి మాస్టారి వైపు చూసి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే మోకాలు మీద చెయ్యి ఆనించుకుని వేదిక దిగిపోయింది.

భోజనాల వేళ మాస్టారు చూస్తే ఆవిడ కూర్చున్న కుర్చీలో శాలువా నాలుగు మడతలు పెట్టి ఉంది, మనిషి లేదు. పులిహోర పళ్ళెం పక్కన పెట్టి శాలువా తీసుకుని బయటికి వచ్చారు. శాలువా ఇవ్వడానికే వెళ్తున్నానని తనకు తాను చెప్పుకున్నారు. గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది కాశమ్మ.

"శాలువా మర్చిపోయావు."

"మర్సిపోలేదు బాబూ. మతిలేని మాటలాడినదానికి శాలువా ఏటి?" ఆవిడ గొంతులో కోపం లేదు, అదే ఆయనకు భరించరానిదిగా ఉంది. "నాను ఏటి తప్పు మాటాడీసినాను? మందుల పెట్టి అన్నారు. మందుల పెట్టి మీరెప్పుడు తెచ్చినారు బాబూ?"

"తేలేదు."

"మరి?"

అప్పుడు చెప్పారు మాస్టారు. గేటు పక్కన, ఎండలో, బస్సుల హారన్ల మధ్య, ముప్పై రెండేళ్ళుగా అందరికీ చెప్పిన పాఠమే చెప్పారు. రక్తాన్ని ఐసులో పెట్టకూడదని, పెడితే మంచి కణాలు కూడా చెడ్డవాటిలా కనిపిస్తాయని. "తప్పు నీది కాదు కాశమ్మా. ఊళ్ళో పిల్లలందరికీ చెప్పాను. పెట్టె నీ చేతిలో పెట్టి నీకొక్కదానికి చెప్పలేదు. నీకు చెప్పాలని నాకు తట్టనే లేదు."

"అయితే మా రకతం?"

"మంచిదే. అందరి రక్తంలాంటిదే."

"పేపర్లో ఏసింది?"

"తప్పు."

"మీకెప్పుడు తెలిసింది బాబూ?"

అబద్ధం ఆడటానికి ఇంకో అవకాశం. అలవాటైన నోరు. కానీ ఈసారి లేవలేదు. "నువ్వు అడిగిన రోజే. బందు నాడు."

బస్సు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. కాశమ్మ ఎక్కలేదు. గేటు దిమ్మ మీద కూలబడింది.

"మా తమ్ముడు ఎల్లారావు బోటు మీద ఇంజిన్ డ్రైవరు" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఆరేళ్ళయింది. వల లాగీ వించీలో పడి సెయ్యి తెగిపోయింది. ఆస్పటలు కాడ రకతం కావాలన్నారు. వాడిదీ నాదీ ఒకటే రకతం, మీ పరీచ్చలోనే తెలిసింది. డాట్రమ్మ నా సెయ్యి అడిగింది. నాను ఇవ్వలేదు బాబూ. నాది మంచిది కాదు కదా, సచ్చిపోతన్నోడికి ఎక్కించి ఇంకా సంపీసీదా? అలగని ఆ మాట అంతమందిలో ఎలగ సెప్పీది? సూదంటే బయ్యమని అబద్దమాడినాను. ఎవుళో పుణ్యాత్ములు ఇచ్చినారు, బతికినాడు. బతికినాడు గానీ నాతో మాటాడ్డు. ఎందుకు మాటాడతాడు? సదూకున్న బాబుకైతే ఇచ్చినావు, తోడబుట్టినోడికి ఇవ్వనేకపోయినావా అన్నాడు. ఒకే సందు మాది. ఆరేళ్ళు."

మాస్టారి చేతిలో శాలువా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన సిగ్గుపడని రోజు పదకొండేళ్ళలో లేదు గానీ, ఆ సిగ్గంతా తన పేరు గురించీ తన పేపరు గురించే. ఆ ఐసు ఇంకెవరి ఇంట్లోకైనా చేరి ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. అది తలుచుకుంటే ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అయితే నా రకతం ఆడికి ఎక్కేదేనా బాబూ?"

"ఎక్కేదే కాశమ్మా."

ఆవిడ తల ఊపింది. ఏడవలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "నాతో సెప్తే ఏటి లాబం? అంతమంది ముందర నన్ను మతిలేనిదాన్ని సేసినారు. లోపలికెల్లి సెప్పండి. నానూ వొచ్చి తలుపు కాడ ఉంటాను, ఇంటాను."

మాస్టారు లోపలికి వెళ్ళారు. ముప్పై రెండేళ్ళు నడిచిన వరండా ఆ రోజు చాలా పొడుగనిపించింది. జనం పళ్ళేలు పట్టుకుని నిలబడి కబుర్లలో ఉన్నారు. మైకు ఇంకా బతికే ఉంది. దాన్ని అందుకుని గొంతు సవరించుకుంటే సార్ మళ్ళీ జోకు చెబుతారని ముందువాళ్ళు నవ్వుమొహాలు పెట్టారు.

"మందుల పెట్టె అన్నది అబద్ధం" అన్నారు. "ఆవిడ చెప్పింది నిజం. ఆ అరవైమంది రక్తం ఐసులో ఉంది. నాకు పదకొండేళ్ళుగా తెలుసు. ఆ పేపరు తప్పు. సోమవారం నాడు ఆ పత్రిక వాళ్ళకు రాస్తున్నాను, వెనక్కి తీసుకోమని. ఇంకొకటి. మధులత చెయ్యి కుదరలేదని మీ అందరి ముందూ అన్నాను. ఈ విభాగంలో అంత మంచి చెయ్యి ఇంకొకటి లేదు. ఆ అమ్మాయికి వచ్చిందే సరైన ఫలితం. తప్పు నాది. తెలిసి చేసిన తప్పు."

ఇంతే. మంచి ఉపన్యాసకుడని పేరున్న మనిషి ఇంతకన్నా ఏమీ చెప్పలేకపోయారు. వెనకవరసల్లో కొందరికి వినబడనే లేదు, పెరుగన్నం ఎక్కడుందని వెతుక్కుంటున్నారు. విన్నవాళ్ళు పళ్ళెంలోకి చూసుకున్నారు. నీలిమ "సార్..." అని ఒక అడుగు వేసి ఆగిపోయింది. ఎవరూ దగ్గరికి రాలేదు.

మధులత వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడి, అందరికీ వినబడేలా కాదు, ఆయనకు మాత్రం వినబడేలా అడిగింది. "మూడుసార్లు చేయించారు సార్. ఆ మూడుసార్లూ మీకు తెలుసు కదా?"

"తెలుసు."

ఆ పిల్ల ఇంకేమైనా అంటుందని చూశారు. తిట్టినా బాగుండును. పళ్ళెం బల్ల మీద పెట్టి, తన బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ అధ్యాయం థీసిస్‌లో ఉంటుందో, మధులత తగరపువలస వెళ్తుందో, అది ఇక ఆ పిల్ల ఇష్టం. మాస్టారి సలహా అడగదని మాత్రం ఆయనకు అర్థమైంది.

తలుపు దగ్గర కాశమ్మ నిలబడి ఉంది. అంతా వింది. "పదండి బాబూ" అంది. "ఇంకో ఇంటికాడ సెప్పాలి."

ఇద్దరూ ఆటో ఎక్కారు. హార్బర్ వెనక సందులో ఎండిన వలల మధ్య నుంచి ఆవిడ ముందు నడిచింది, మాస్టారు వెనక నడిచారు. పదకొండేళ్ళుగా ఆయన తప్పించుకు తిరిగిన వాసన ముక్కుకు సూటిగా తగిలింది. ఐదో ఇంటి అరుగు మీద ఎల్లారావు కాలి బొటనవేలికి వల తగిలించుకుని ఒక్క చేత్తో అల్లుతున్నాడు. రెండో చెయ్యి మోచేతి కింద లేదు. అక్కని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఒరే ఎల్లా" అంది కాశమ్మ. ఆరేళ్ళ తర్వాత పిలిచిన పిలుపు. "డాట్రుబాబు ఏటో సెప్తాడు. ఇను."

మాస్టారు చేతులు జోడించారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మళ్ళీ ఐసు దగ్గరే మొదలుపెట్టారు. తడబడుతూ చెప్పారు. పెట్టె సంగతి, పేపరు సంగతి, ఆవిడ అడిగితే జవాబివ్వకుండా పారిపోయిన సంగతి, ఆవిడ రక్తం మంచిదేనన్న సంగతి. ఎల్లారావు వల వదలకుండానే విన్నాడు. అంతా అయ్యాక కూడా మాస్టారి వైపు చూడలేదు. అక్కని చూశాడు.

"అప్పా, నీ రకతం మంచిది కాదని నువ్వనుకున్నావా?"

"ఊఁ."

"ఆ ముక్క నాతో సెప్పుంటే నానర్దం సేసుకోనా? ఆరేళ్ళు ఎందుకు సెప్పలేదే?"

కాశమ్మ నేల చూపులు చూసింది. "ఎలగ సెప్పీదిరా" అంది. "సిగ్గేసింది."

ఆ సిగ్గు ఎవరిదో గుమ్మం బయట నిలబడ్డ మనిషికి తెలుసు. తను పడాల్సింది ఆవిడ పడింది, ఒక్కత్తీ, ఒకే సందులో, తమ్ముడి ఇంటి ముందు నుంచి రోజూ తల వంచుకుని నడుస్తూ.

ఎల్లారావు వేలికున్న వల విప్పి పక్కన పెట్టాడు. లేచి, ఉన్న ఒక్క చేత్తో అక్క జబ్బ పట్టుకున్నాడు. "లోపలికి రా అప్పా" అన్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మాస్టారిని ఎవరూ రమ్మనలేదు. ఆయన శాలువా అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే వెనక్కి నడిచారు.